రాయి పోయాక వచ్చే జ్వరం

కిడ్నీలో రాళ్ల ఆపరేషన్ చేయించుకుని నెల్లూరు జిల్లాలోని ఉదయగిరికో ఆత్మకూరుకో తిరిగొచ్చిన మనిషికి ఇంట్లో ముందుగా ఎదురయ్యేది పథ్యం. పప్పు తింటే చీము పడుతుందంటారు ఒకరు. వంకాయ దురదంటారు ఇంకొకరు. గోంగూర వద్దు, పుల్లటి పెరుగు అసలే వద్దు. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ కంచంలోంచి ఒకటి తీసేసి వెళతారు. వారం తిరిగేసరికి మిగిలేది చారన్నమూ కాల్చిన అప్పడమూ. ఇంత జాగ్రత్తపడే ఇంట్లోనే మూడోనాటి రాత్రి ఆ మనిషికి పళ్లు టకటక కొట్టుకునేంత చలి పుట్టి, ఒళ్లు కాలిపోతుంటే మాత్రం "కోసిన ఒళ్లు, ఆ మాత్రం జ్వరం ఉంటుందిలే" అని ఒక గోళీ మింగించి దుప్పటి కప్పుతారు.

భయపడాల్సింది ఆ చలికి. పప్పుకూ చీముకూ సంబంధం లేదు. రాళ్ల ఆపరేషన్ తర్వాత వచ్చే పెద్ద ఇన్ఫెక్షన్లు తినే తిండిలోంచి రావు, చాలావరకు పైన కనిపించే కోతలోంచి కూడా రావు. ఆపరేషన్‌కు ముందునుంచే మూత్రంలోనో రాయి లోపలో దాగి ఉన్న సూక్ష్మజీవులు, రాయి పగిలినప్పుడు బయటపడి రక్తంలో కలుస్తాయి. అలా కలిసిన తర్వాత చేతిలో ఉండేవి గంటలే. నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉదయగిరిలో ఆ గంటలకు ఉన్న విలువ నగరంలో ఉన్నవాళ్లకు అంతగా తెలియకపోవచ్చు.

రాయంటే గట్టిపడిన ఉప్పేనని చాలామంది అనుకుంటారు. కాల్షియం, ఆక్సలేట్ లాంటివి పొర మీద పొరగా పేరుకుని రాయి తయారయ్యే మాట నిజమే. ఆ పొరల సందుల్లో బ్యాక్టీరియా చిక్కుకుని అక్కడే కాపురం పెడుతుంది. మింగిన యాంటీబయాటిక్ రక్తంలోంచి మూత్రంలోకి చేరుతుంది కానీ రాయి గుండెల్లోకి చొరబడలేదు. అందుకే మూత్రపరీక్ష శుభ్రంగా ఉన్న మనిషి రాయిలో కూడా సూక్ష్మజీవులు ఉండొచ్చు. ఎడిన్‌బరోలోని స్కాటిష్ లిథోట్రిప్టర్ సెంటర్ వైద్యులు 2005లో ఈ సంగతినే తేల్చి చూపించారు. మూత్రాశయంలోంచి తీసిన మూత్రం కంటే, కిడ్నీ లోపలినుంచి తీసిన మూత్రాన్నీ రాతి ముక్కలనూ కల్చర్ చేస్తేనే, అంటే ల్యాబ్‌లో క్రిములు మొలుస్తాయేమో చూస్తేనే, ఎవరికి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుందో బాగా పసిగట్టగలిగామని వాళ్లు రాశారు. ఆపరేషన్ చేసే డాక్టర్ తీసిన రాతి ముక్కను ల్యాబ్‌కు పంపమనడం వెనక ఉన్న కారణం ఇదే. ఆ ముక్క ఏ పదార్థంతో తయారైందో తెలుసుకోవడం ఒక ఎత్తు, అందులో ఏ క్రిమి ఉందో తెలుసుకోవడం ఇంకొక ఎత్తు.

అసలు ఇన్ఫెక్షన్ వల్లే పుట్టే రాళ్లు కూడా ఉన్నాయి. ప్రోటియస్ అనే బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను విరిచి అమోనియా చేస్తుంది. దాంతో మూత్రం క్షారంగా మారి మెగ్నీషియం, ఫాస్ఫేట్ వేగంగా గడ్డకడతాయి. ఈ రకం రాయి నెలల వ్యవధిలోనే కిడ్నీ గదులన్నిటిలోకీ కొమ్మలు చాచుకుని పెరిగిపోతుంది. స్టాగ్‌హార్న్ రాయి అంటారు దీన్ని. తరచూ మూత్రంలో మంట వచ్చే ఆడవాళ్లలో ఇది ఎక్కువ. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి స్కానింగ్ తీసేదాకా బయటపడదు. దీన్ని తీసేటప్పుడు చిన్న ముక్క మిగిలినా అందులోని క్రిములు మళ్లీ రాయి కట్టడం మొదలుపెడతాయి. ఆపరేషన్ తర్వాత జ్వరం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నవాళ్ల వరసలో ఈ రాళ్లున్నవాళ్లు ముందుంటారు. షుగర్ ఉన్నవాళ్లు, అంతకుముందు మూత్ర ఇన్ఫెక్షన్లు వచ్చినవాళ్లు, మూత్రం పోయేందుకు పెట్టిన స్టెంటో గొట్టమో చాలా రోజులుగా ఉన్నవాళ్లు, రెండు మూడు గంటలు సాగే పెద్ద ఆపరేషన్ అవసరమైనవాళ్లు కూడా ఆ వరసలోనే ఉంటారు.

రాళ్ల మాటెత్తితే నీళ్ల మాట రాకమానదు. నెల్లూరు జిల్లా నీళ్ల గురించి వైద్య ప్రపంచం మాట్లాడుకోవడం ఇప్పటిది కాదు. 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ఈ జిల్లాలో పాతుకుపోయి ఉందని రాశారు. మన దేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్లాయి. వెలిగొండల అంచున ఉదయగిరి, వరికుంటపాడు, మర్రిపాడు వైపు మెట్ట పల్లెలు ఇటు మిగిలాయి. వాటితోపాటు బోరునీళ్లలో ఫ్లోరైడ్ కూడా మిగిలింది. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు అని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. పెన్న మీద సోమశిల జలాశయం అనంతసాగరం మండలంలోనే ఉన్నా, మెట్టమీది చాలా ఊళ్లకు భూమిలోపలి నీళ్లే దిక్కు.

ఫ్లోరైడ్ వల్ల కిడ్నీలో రాళ్లు వస్తాయా? రాజస్థాన్‌లో చేసి 2001లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఫ్లోరైడ్ ఎక్కువున్న ప్రాంతంలో రాళ్ల బాధితులు మామూలు ప్రాంతం కంటే 4.6 రెట్లు ఎక్కువ ఉన్నట్టు తేలింది. దీనిపై పరిశోధకులందరిదీ ఇంకా ఒకే మాట కాదు. ఎవరూ కాదనలేనిది మాత్రం ఎండ, చెమట, చాలని నీళ్లు. బత్తాయి తోటలో, ఉపాధి హామీ పనిలో పొద్దంతా ఎండలో ఉండే మనిషి ఒంట్లోంచి నీళ్లన్నీ చెమటగా పోతే, మూత్రం చిక్కబడి లవణాలు పేరుకుంటాయి. ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. పనిచేసే చోట మరుగు ఉండదు కాబట్టి ఒంటేలుకు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేస్తారు, వచ్చినా బిగబట్టుకుంటారు. నీళ్లు తక్కువైతే రాయి, నిలవున్న మూత్రంలో క్రిమి. రెండూ ఒకేసారి పెరగడానికి ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. ఇది ఆ ఆడవాళ్ల నిర్లక్ష్యం కాదు. పనిచోట్ల మరుగుదొడ్డి లేకపోవడమే దీనికి మూలం.

ఉలవచారు, అరటి దూట రసం, కొండపిండి ఆకు కషాయం ఈ ప్రాంతంలో రాళ్లకు అందరూ చెప్పే మందులు. నాలుగైదు మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు నీళ్లు బాగా తాగితే వాటంతటవే పడిపోతాయి. పేరు మాత్రం తాగిన రసానికి వస్తుంది. అందులో పెద్ద ప్రమాదం లేదు. రాయి నొప్పితోపాటు చలిజ్వరం కూడా వచ్చిన రోజున కషాయం కాచుకుంటూ కూర్చోవడంలోనే ప్రమాదం ఉంది. రాయి మూత్రనాళానికి అడ్డం పడి, దాని వెనక మూత్రం చీముగా మారుతున్నదనడానికి అది గుర్తు. అప్పుడు ఏ డాక్టరైనా ముందు రాయి జోలికి పోడు. స్టెంటో, వీపునుంచి గొట్టమో వేసి ఆ చీమునీళ్లకు దారి చేస్తాడు, ఇన్ఫెక్షన్ తగ్గాకే రాయి తీస్తాడు. రాయి అడ్డం పడి ఇన్ఫెక్షన్ రక్తానికి పాకినవాళ్ల వివరాలను 2007 నుంచి 2009 దాకా అమెరికాలో పరిశీలిస్తే, అలా దారి చేయనివాళ్లలో వందకు 19 మంది, దారి చేసినవాళ్లలో వందకు 9 మంది చనిపోయినట్టు తేలింది. "ఆపరేషన్‌కని తీసుకెళితే రాయి తీయకుండా పైపు వేసి పంపారు" అని ఆసుపత్రి మీద కోప్పడే బంధువులు ఈ రెండు అంకెలు తెలుసుకోవాలి.

ఒకప్పుడు కిడ్నీలో రాయి తీయాలంటే పక్కటెముకల కింద జానెడు కోత పడేది. 1976లో స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, జోహాన్సన్ వీపులోంచి చిన్న రంధ్రం చేసి రాయిని బయటికి లాగిన పద్ధతిని ప్రకటించారు. ఇప్పుడు పీసీఎన్ఎల్ అంటున్నది దాన్నే. 1980 ఫిబ్రవరిలో జర్మనీలోని మ్యూనిక్‌లో కోత లేకుండా బయటినుంచి తరంగాలతో రాయిని పొడిచేసే చికిత్స మొదటిసారి ఒక మనిషికి చేశారు. తర్వాత మూత్రమార్గం గుండా సన్నని కెమెరా గొట్టం పంపి లేజర్‌తో రాయిని కాల్చే యూఆర్ఎస్, ఆర్ఐఆర్ఎస్ వచ్చాయి. పైన గాయం చిన్నదై, చివరికి లేకుండానే పోయింది. దాంతో జనంలో ఒక నమ్మకం బలపడింది. లేజరే కదా, కోత లేదు కదా, ఇన్ఫెక్షన్ ఎక్కడిది?

అది ఎక్కడినుంచి వస్తుందో ఆపరేషన్ థియేటర్లో జరిగేది చూస్తే తెలుస్తుంది. డాక్టర్ తెరమీద చూస్తూ లేజర్ పేలుస్తుంటే రాయి పొడి పొగలా లేస్తుంది. ఏమీ కనిపించదు. చూపు నిలబడాలంటే సెలైన్ నీళ్లు ఆపకుండా లోపలికి వదులుతూనే ఉండాలి. ఆ నీళ్లు వచ్చినంత వేగంగా బయటికి పోతే ఇబ్బంది లేదు. గొట్టం సన్నగా ఉండి, ముక్కలు అడ్డం పడి నీళ్లు నిలిస్తే కిడ్నీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. డ్రిప్ పైపు కొసన మట్టి చేరి మోటారు మాత్రం నడుస్తూనే ఉంటే అతుకుల దగ్గర నీళ్లు చిమ్మడం బత్తాయి రైతులందరూ చూసినదే. కిడ్నీలోనూ అంతే. ఆ ఒత్తిడి సుమారు 30 మిల్లీమీటర్ల పాదరసం దాటితే లోపలి నీళ్లు సన్నని రక్తనాళాల్లోకి వెనక్కి తన్నుతాయి. పగిలిన రాయిలోంచి వచ్చిన క్రిములూ వాటి విషమూ ఆ నీళ్లతోపాటే వెళతాయి. ఎక్కువసేపు పట్టే పెద్ద రాయిని రెండు విడతలుగా తీద్దామని డాక్టర్ అంటే డబ్బు కోసమని అనుమానించేవాళ్లు ఉన్నారు. చాలాసార్లు ఆ నిర్ణయం రోగి ప్రాణం కోసమే.

ఈ ఇన్ఫెక్షన్ ఎంతమందికి వస్తుందో కూడా తెలుసుకోవాలి, లేకపోతే ఉత్త భయమే మిగులుతుంది. 2007 నుంచి 2009 దాకా ప్రపంచంలోని 96 ఆసుపత్రుల్లో పీసీఎన్ఎల్ చేయించుకున్న 5,803 మందిని గమనిస్తే 10.5 శాతం మందికి తర్వాత జ్వరం వచ్చింది. జ్వరం వచ్చిన అందరికీ రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్నట్టు కాదు. రక్తానికి పాకి ప్రాణం మీదికి వచ్చే సెప్సిస్ ఈ ఆపరేషన్ తర్వాత వెయ్యిమందిలో ముగ్గురి నుంచి 47 మంది దాకా ఉంటుందని వేర్వేరు అధ్యయనాలు చెబుతున్నాయి. మూత్రమార్గం గుండా చేసే యూఆర్ఎస్ మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2021లో లెక్కగడితే సగటున వందకు అయిదుగురు. అంటే నూటికి తొంభై అయిదు మంది క్షేమంగా ఇంటికి వెళ్లే ఆపరేషన్ ఇది. మిగిలిన ఆ కొద్దిమందిని వెంటనే గుర్తుపట్టడం గురించే ఇక్కడ ఇంత చెప్పాల్సి వస్తోంది.

మన పత్రికల్లో రాళ్ల ఆపరేషన్ అంటే సంఖ్య. 2021 డిసెంబరులో హైదరాబాద్ ప్రీతి యూరాలజీ ఆసుపత్రిలో ఒక రోగి కిడ్నీలోంచి 156 రాళ్లు తీశారని వార్త. 2022 మేలో అదే నగరంలోని అవేర్ గ్లెనీగల్స్ గ్లోబల్ ఆసుపత్రిలో గంటలో 206. 2024 మార్చిలో ఏఐఎన్‌యూ ఆసుపత్రిలో, కిడ్నీ పనితీరు 27 శాతానికి పడిపోయిన రోగి నుంచి 418. మూడూ నిజంగా గొప్ప పనులే, వైద్యుల నేర్పుకు నిదర్శనాలే. పళ్లెంలో పరిచిన రాళ్ల ఫొటో చూసిన పాఠకుడికి మాత్రం ఒక సంగతి తెలియకుండా పోతుంది. రాళ్లు పళ్లెంలోకి వచ్చాక, రోగిని వార్డులో పడుకోబెట్టి గంటగంటకూ బీపీ, నాడి, జ్వరం, మూత్రం కొలిచే నర్సు పని అప్పుడే మొదలవుతుంది. సెప్సిస్ చాలావరకు తొలి ఒకటి రెండు రోజుల్లోనే బయటపడుతుంది. "రాయి పోయిందిగా, ఇవాళే పంపించండి" అని తొందరపెట్టడం ఆ కాపలాను మనంతట మనమే తీసేయడం.

సెప్సిస్ అన్న మాట తెలుగు ఇళ్లలో గట్టిగా వినిపించింది 2023 మేలో, నటుడు శరత్‌బాబు హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రిలో కన్నుమూసినప్పుడు. ఆయన జబ్బుకూ కిడ్నీ రాళ్లకూ సంబంధం లేదు. ఇన్ఫెక్షన్ ఒంటినంతా కమ్మితే కిడ్నీలు, ఊపిరితిత్తులు, కాలేయం వరసగా చేతులెత్తేస్తాయన్న సంగతి మాత్రం అప్పుడు చాలామందికి తెలిసింది. ప్రపంచం మొత్తం మీద 2017లో 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందనీ, 1.1 కోట్ల మంది చనిపోయారనీ 2020లో లాన్సెట్ పత్రిక అంచనా వేసింది.

మూత్రమార్గం నుంచి మొదలైన ఇన్ఫెక్షన్ పదవినీ వయసునూ చూడదు. అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ 2021 అక్టోబరులో మూత్ర ఇన్ఫెక్షన్ రక్తానికి పాకడంతో కాలిఫోర్నియాలో అయిదు రాత్రులు ఆసుపత్రిలో ఉన్నారు. అదే దేశపు అప్పటి రక్షణ మంత్రి లాయిడ్ ఆస్టిన్ 2023 డిసెంబరు 22న ప్రొస్టేట్ ఆపరేషన్ చేయించుకుని మర్నాడే ఇంటికెళ్లారు. పదిరోజులు తిరక్కుండానే, జనవరి 1న, విపరీతమైన నొప్పితో మళ్లీ చేరారు. మూత్ర ఇన్ఫెక్షన్ అని తేలింది, ఈసారి రెండు వారాలు ఉండాల్సి వచ్చింది. బ్రెజిల్ మోడల్ మరియానా బ్రిడి ఉదంతం వింటే కడుపు తరుక్కుపోతుంది. 2008 డిసెంబరు చివర్లో ఆమె ఒంట్లో బాగాలేక వెళితే కిడ్నీలో రాళ్లని పంపేశారు. నిజానికి అది సూడోమొనాస్ అనే క్రిమితో వచ్చిన మూత్ర ఇన్ఫెక్షన్. నాలుగైదు రోజుల్లో తిరిగొచ్చేసరికి రక్తమంతా పాకింది. చేతులూ పాదాలూ తీసేసినా ప్రాణం దక్కలేదు. 2009 జనవరి 24న, ఇరవయ్యేళ్లకే చనిపోయింది. రాయి నొప్పి, ఇన్ఫెక్షన్ ఎంత దగ్గరగా కనిపిస్తాయో, పొరబడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

ఆపరేషన్‌కు ముందే చేయగల పని ఒకటుంది. పేరు యూరిన్ కల్చర్. మామూలు మూత్రపరీక్ష వేరు, ఇది వేరు. మూత్రం మధ్యధారను శుభ్రమైన డబ్బీలో పట్టి ల్యాబ్‌కు ఇస్తారు. అక్కడ సన్నటి తీగ కొసనున్న వలయంతో చుక్క తీసి, జెల్లీ పోసిన పళ్లెం మీద గీతలుగా రాసి, ఒంటి వేడిలోనే, అంటే 37 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాత్రంతా ఉంచుతారు. మర్నాటికి క్రిములుంటే ఆ గీతల వెంట చుక్కలు చుక్కలుగా మొలుస్తాయి. మిల్లీలీటరుకు లక్ష దాటితే ఇన్ఫెక్షన్‌గా లెక్కవేయడం వాడుక. తర్వాత అదే క్రిమిని ఇంకో పళ్లెంలో పరచి, రకరకాల యాంటీబయాటిక్ బిళ్లలు పెడతారు. ఏ మందు పనిచేస్తుందో దాని చుట్టూ క్రిమి మొలవక ఖాళీ వలయం ఏర్పడుతుంది. పనిచేయని మందును ఆనుకుని క్రిమి దర్జాగా పెరుగుతుంది. రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

ఉదయగిరి వైపువాళ్లు ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. పట్టిన మూత్రం రెండు గంటల్లోపు ల్యాబ్‌కు చేరాలి, లేదా చల్లగా ఉంచాలి. ఇంటి దగ్గర డబ్బీలో పట్టి, ఎండలో బస్సెక్కి నెల్లూరు చేరేసరికి అందులో క్రిములు పెరిగిపోయి లేని ఇన్ఫెక్షన్ కూడా ఉన్నట్టు చూపిస్తుంది. ల్యాబ్ ఉన్నచోటే మూత్రం పట్టి ఇవ్వడం మేలు. రిపోర్టులో క్రిమి కనిపిస్తే, దానికి తగిన మందు కొన్నాళ్లు వాడాకే ఆపరేషన్ చేయాలన్నది ప్రపంచమంతటా యూరాలజీ డాక్టర్లు పాటించే నియమం. రిపోర్టు శుభ్రంగా ఉన్నా, రెండు సెంటీమీటర్లు దాటిన రాయో బాగా ఉబ్బిన కిడ్నీయో ఉన్నవాళ్లకు వారం ముందునుంచే యాంటీబయాటిక్ ఇస్తే రక్తానికి ఇన్ఫెక్షన్ పాకడం మూడోవంతుకు తగ్గిందని ఎడిన్‌బరో వైద్యులే 2006లో రాశారు. కాబట్టి వాయిదా పడిందని నిరాశపడనక్కర్లేదు.

ఆ పళ్లెంలో ఖాళీ వలయాలు ఇప్పుడు తగ్గిపోతున్నాయి. మూత్ర ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణమయ్యే ఈ.కోలి క్రిమి మీద సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి పాత మందులు మన దేశంలో చాలావరకు పనిచేయడం మానేశాయని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఏటా విడుదల చేసే నివేదికలు హెచ్చరిస్తున్నాయి. జలుబుకూ ఒళ్లునొప్పులకూ మందులషాపులో అడిగి తెచ్చుకుని రెండు రోజులు మింగి ఆపేసిన యాంటీబయాటిక్‌కు దీంట్లో పెద్ద వాటా ఉంది. పల్లెలో అర్ధరాత్రి తలుపు కొడితే పలికేది ఆర్‌ఎంపీ ఒక్కరే, ఆ మేలు మరవకూడదు. ఆపరేషన్ అయిన మనిషికి చలిజ్వరం వచ్చినప్పుడు మాత్రం ఆయన వేసే సూది మేలు చేయదు. అందులో డెక్సా లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటే జ్వరం దిగుతుంది, మనిషి లేచి కూర్చుంటాడు, లోపల ఇన్ఫెక్షన్ మాత్రం ఆగదు. తెల్లారేసరికి బీపీ పడిపోతుంది. నొప్పికి వేసే డైక్లోఫెనాక్ అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. నిజంగా మేలు చేయాలనుకునే ఆర్‌ఎంపీ ఆ రాత్రి చేయగల గొప్ప పని, సూది తీయకుండా 108కి ఫోన్ చేయడం.

ఇక స్టెంట్. ఆపరేషన్ తర్వాత కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా రెండు మిల్లీమీటర్ల లావు, జానెడుకు కాస్త ఎక్కువ పొడవున్న మెత్తటి గొట్టం పెడతారు. జారిపోకుండా రెండు కొసలూ ఇంగ్లిష్ 'జె' అక్షరంలా చుట్టుకుని ఉంటాయి. అందుకే దాన్ని డబుల్ జె, అంటే డీజే స్టెంట్ అంటారు. అది ఉన్నన్నాళ్లూ మాటిమాటికీ ఒంటేలు వచ్చినట్టుండడం, కొంచెం మంట, బరువెత్తినప్పుడు ఎర్రగా రావడం మామూలే. భయపడక్కర్లేదు. అసలు భయం దాన్ని మరచిపోవడంలో ఉంది. నొప్పి తగ్గింది, పొలం పనులు ముంచుకొచ్చాయి, లేదా కువైట్‌కు వీసా వచ్చింది. స్టెంట్ లోపలే ఉండిపోతుంది. దాని మీద క్రిములు పొరగా పేరుకుంటాయి, ఆ పొర మీద మళ్లీ రాయి కడుతుంది. ఆరు వారాల్లోపు తీసిన స్టెంట్లలో 9 శాతానికి, ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తీసినవాటిలో 47 శాతానికి, అంతకుమించితే 76 శాతానికి రాయి పట్టి ఉన్నట్టు 1991లోనే ఒక అధ్యయనం లెక్క తేల్చింది. స్టెంట్ నెలలోపు ఉన్నవాళ్లకు తర్వాత యూఆర్ఎస్ చేస్తే సెప్సిస్ వందకు ఒకరికి వచ్చిందనీ, మూడు నెలలు దాటితే తొమ్మిది మందికి వచ్చిందనీ 2017లో ఇంకో అధ్యయనం చెప్పింది. పది నిమిషాల్లో తీసేయాల్సిన గొట్టం కోసం మళ్లీ పెద్ద ఆపరేషన్ చేయాల్సిన పరిస్థితి వస్తుంది. విమానం ఎక్కేముందు పాస్‌పోర్టు చూసుకున్నంత శ్రద్ధగా స్టెంట్ తేదీ చూసుకోవాలి.

ఇంటికొచ్చాక ఏది మామూలు, ఏది కాదు? 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, అందులోనూ వణుకుతో వచ్చేది, మామూలు కాదు. ఆయాసం, మాట తడబడటం, మత్తుగా పడుండటం, వాంతులు ఆగకపోవడం, మూత్రం బాగా తగ్గడం, చేతులు చల్లబడి నాడి వేగంగా కొట్టుకోవడం, ఇవేవీ మామూలు కావు. పెద్ద వయసువాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి జ్వరమే రాదు. ఊరికే తికమకగా మాట్లాడతారు, అన్నం ముట్టరు. బీపీ పడిపోయిన మనిషికి గంటలోపు రక్తనాళంలోకి యాంటీబయాటిక్ ఎక్కాలన్నది నేటి వైద్య నియమం. ఉదయగిరి నుంచి నెల్లూరు చేరడానికే రెండు గంటలు పైన పడుతుంది. అందుకే అలాంటప్పుడు నేరుగా నెల్లూరు బండి మాట్లాడుకుంటూ గంట పోగొట్టుకోకుండా, ముందు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి, ఉదయగిరిలోనో ఆత్మకూరులోనో, వెళ్లి సెలైన్, మొదటి డోసు మందు పడ్డాక 108లో ముందుకు కదలడం మంచిది. డిశ్చార్జి కాగితం, కల్చర్ రిపోర్టు వెంట ఉంటే అక్కడి డాక్టరుకు సగం పని తప్పుతుంది.

ఖర్చు భయంతో ఇంట్లోనే ఉండిపోయేవాళ్లూ ఉన్నారు. ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ కింద రాళ్ల ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఒక హక్కుంది. పథకం ప్యాకేజీలో డిశ్చార్జి అయ్యాక పదిరోజుల దాకా మందులూ, ముప్పై రోజుల్లోపు ఆ ఆపరేషన్ వల్ల వచ్చే ఇబ్బందులకు చికిత్సా కలిపే లెక్కగట్టారు. జ్వరం వచ్చి తిరిగి వెళితే మళ్లీ డబ్బు కట్టాలేమోనని ఆగక్కర్లేదు. డిశ్చార్జి రోజే ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే వైద్యమిత్రను ఈ సంగతి అడిగి, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు కాగితం మీద రాయించుకోవాలి.

కిడ్నీ రాళ్లు ఒకసారి వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి పదేళ్లలోపు మళ్లీ వస్తాయి. కాబట్టి ఈ కాగితాలేవీ పారేయకండి. మూత్రం తేటగా, పలచగా వచ్చేన్ని నీళ్లు తాగండి. పప్పు తినండి. ఇంట్లో ఒక థర్మామీటరు ఉంచండి. స్టెంట్ తీయించాల్సిన తేదీని గోడ మీది క్యాలెండర్‌లో ఇంట్లో అందరికీ కనిపించేలా ఎర్రసిరాతో గుర్తుపెట్టండి. ఆపరేషన్ అయిన నెలలోపు చలితో జ్వరం వస్తే, అది ఏ వేళైనా సరే, గోళీ వేసి తెల్లారేదాకా చూడకండి, ఆసుపత్రికి బయల్దేరండి.